ఒకే వైశాల్యము, ఒకే వాన

ఐరోపా పటములో స్వీడన్ దేశపు ఉత్తరపు కొసను చూచినచో, నార్వే, ఫిన్‌లాండు సరిహద్దుల నడుమ, ఆర్కిటిక్ వృత్తమునకు పైన కిరునా అను పేరు కనబడును. ఆ పేరు ఒక పట్టణమునకు మాత్రమే చెందినది కాదు. దాని చుట్టునున్న కొండలు, అడవులు, సరస్సులు, చిత్తడి నేలలు, ఎక్కడెక్కడనో చెదరియున్న పల్లెలు అన్నియు చేరిన ఒక పురపాలక ప్రాంతమునకు కూడ అదే పేరు. సరస్సులు తీసివేయగా మిగిలిన దాని నేల వైశాల్యము సుమారు 19,100 చదరపు కిలోమీటర్లు. 2022లో రెండుగా విడిపోవుటకు పూర్వము అనంతపురము జిల్లా వైశాల్యము 19,130 చదరపు కిలోమీటర్లు. ఈ రెండు ప్రాంతములను ఒకదానిపై ఒకటి పరచినచో ఆకారములు కలియవు గాని, కొలత మాత్రము ఇంచుమించు సరిపోవును.

మనుష్యుల లెక్కకు వచ్చునప్పటికి ఈ పోలిక నిలువదు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి అనంతపురము జిల్లాలో 40 లక్షల 81 వేల మంది తేలినారు; అనగా చదరపు కిలోమీటరునకు 213 మంది. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 308 కాగా, ఇది మన లెక్కలో పలుచని జనాభాయే. కిరునాలో ఉన్నవారు మొత్తము 22 వేలకు కొంచెము పైన. పది చదరపు కిలోమీటర్లు నడిచి వెదకినచో సగటున పన్నెండుగురు కనబడుదురన్నమాట. ఇట్టి చోట ఒక స్థానిక ప్రభుత్వము ఎట్లు నిలుచును? చిన్న చిన్న పల్లెలను కలిపివేసి ఒక్క సంఘముగా చేసినచో పని సులువగునా? ఈ ప్రశ్న అనంతపురము పీఠభూమి మీది వారికి పరాయిది కాదు. కాని దాని జోలికి పోవుటకు ముందు వానను గూర్చి ఒక చిత్రమైన సంగతి చెప్పుకొనవలసియున్నది.

అనంతపురము జిల్లాలో సంవత్సరపు సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. కిరునాలో వానయు మంచును కలిపి సుమారు 500. వైశాల్యము వలెనే ఇందులోను రెండును దగ్గర దగ్గరగా ఉన్నవి. ఇంకొక పోలికయు కలదు. అరేబియా సముద్రము నుండి వచ్చు నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటుసరికి తమ తేమను చాలవరకు పోగొట్టుకొని వచ్చును. అందుచేత అనంతపురము వర్షచ్ఛాయలో పడినది. కిరునాకు పడమట నార్వే సరిహద్దు పర్వతములు అదే పని చేయుచున్నవి. అట్లాంటిక్ సముద్రపు గాలి నార్వే తీరమున కురిసి, కొండ దిగునప్పటికి పొడి గాలి యగును. కిరునా ప్రాంతములోనే ఉన్న అబిస్కో అను చోట ఏటి వర్షపాతము సుమారు 300 మిల్లీమీటర్లే. స్వీడన్‌లో మిక్కిలి తక్కువ వాన కురియు చోట్లలో అది యొకటి.

అట్లయినచో ఒకటి కరవు సీమగాను, రెండవది సరస్సులతో చిత్తడి నేలలతో నిండిన సీమగాను ఉండుటకు కారణమేమి? వాన ఎంత పడినదన్నది లెక్కలో సగమే. పడినదానిలో ఎంత ఆవిరియై పోయినదన్నది మిగిలిన సగము. అనంతపురపు ఎండకు, గాలికి, నీరు అందుబాటులో ఉన్నచో ఒక ఏట ఎగిరిపోగల నీటి మట్టము అక్కడి వర్షపాతమునకు మూడు రెట్లకు పైబడినది. కావున నేల ఎల్లప్పుడును అప్పులోనే ఉండును. కిరునాలో ఏటి సగటు ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరిదాపులలో ఉండును. ఏడెనిమిది నెలలు నేలపై మంచు పరచుకొనియుండును. ఆ నీరు ఆవిరి కాదు, ఇంకదు, నిలువయుండును. వేసవి రాగానే అది ఒక్కమారుగా కరగి వాగులను, సరస్సులను నింపును. ఒకచోట నీటిని ఎండ తీసికొనిపోవుచున్నది, ఇంకొకచోట చలి దాచిపెట్టుచున్నది.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. 19,130 చదరపు కిలోమీటర్ల మీద 550 మిల్లీమీటర్ల వాన పడినచో అది సుమారు 1,050 కోట్ల ఘనపు మీటర్లు. దానిని 40 లక్షల 81 వేలతో భాగించినచో తలకు సుమారు 2,600 ఘనపు మీటర్లు వచ్చును. అందులో చాలభాగము ఆవిరియగుననుట మరువరాదు. కిరునాలో అదే లెక్క వేసినచో తలకు 4 లక్షల 20 వేల ఘనపు మీటర్లు. నీరు ఇంత ఉన్నను జనము అక్కడికి పోలేదు. పైరు పండుటకు నీరొక్కటే చాలదు, వెచ్చదనము కావలెను. అక్కడ పైరు పెరుగు కాలము మూడు నాలుగు నెలలకు మించదు. డిసెంబరులో సుమారు మూడు వారములు సూర్యుడు పొడువనే పొడువడు. మే చివర నుండి జూలై నడుమ వరకు అస్తమింపడు. సామీ జాతివారు తరతరములుగా రెయిన్‌డీర్ మందలను మేపుకొనుచు, చేపలు పట్టుకొనుచు అక్కడ బ్రతికినారు. అంత పెద్ద నేల అంత కొద్దిమందికే తిండి పెట్టగలిగినది.

పట్టణమును తెచ్చినది ఇనుము. ఆ కొండలలో మాగ్నటైట్ అను మంచి ఇనుప ఖనిజము కలదు. దానిని త్రవ్వుటకు 1890లో ఒక కంపెనీ ఏర్పడినది; 1900లో కిరునా పట్టణమునకు పునాది పడినది; కొద్ది సంవత్సరములలోనే నార్వే రేవైన నార్విక్ వరకు రైలు మార్గము పూర్తియైనది. ప్రాంతమంతయు అప్పుడు యుక్కాస్‌యార్వి అను గ్రామీణ సంఘము క్రింద ఉండెడిది. 1948లో ఆ సంఘమునంతను కలిపి కిరునా నగరమని ప్రకటించినారు. దానితో ప్రపంచములో వైశాల్యమున మిక్కిలి పెద్ద నగరము తమదేనని అక్కడివారు చెప్పుకొన మొదలిడినారు. ఆ నగరములో చాలభాగము బిర్చి చెట్లును రెయిన్‌డీర్ మందలును అన్న సంగతి వేరు. 1971లో దానికి ఉత్తరమున, ఫిన్‌లాండు సరిహద్దు నదిని ఆనుకొనియున్న కారెసువాండో అను మరొక సంఘమును కూడ చేర్చినారు. నేటి కిరునా పురపాలక ప్రాంతము ఇట్లు ఏర్పడినది.

ఈ కలయిక కిరునాకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. స్వీడన్‌లో 1952కు ముందు సుమారు 2,500 స్థానిక సంఘములు ఉండెడివి. ఆ ఏటి సంస్కరణతో అవి 1,037 అయినవి. 1962లో మొదలైన రెండవ సంస్కరణ 1974లో ముగియునప్పటికి 278 మిగిలినవి. తరువాత కొన్ని మరల విడిపోగా ఇప్పుడు 290 ఉన్నవి. ఇంత తీవ్రముగా కలుపుటకు కారణము బడి. 1962లో స్వీడన్ తొమ్మిదేండ్ల నిర్బంధ విద్యను ఒకే తీరు పాఠశాలగా రూపొందించి, దాని భారమును స్థానిక సంఘములపై ఉంచినది. పై తరగతులు నడుపుటకు కావలసినంత మంది పిల్లలు, వేరువేరు శాస్త్రములకు వేరువేరు ఉపాధ్యాయులు, ప్రయోగశాల ఇవన్నియు ఉండవలెనన్నచో ఒక సంఘములో కనీసము 8,000 మంది ప్రజలు ఉండవలెనని లెక్క కట్టినారు. ఎనిమిది వందల మంది ఉన్న సంఘము ఎంత పట్టుదల కలదైనను అట్టి బడిని నడుపలేదు.

ఈ ఆలోచనకు శాస్త్రీయమైన రూపు ఇచ్చినవాడు వాల్టర్ క్రిస్టాలర్ అను జర్మన్ భూగోళ శాస్త్రజ్ఞుడు. దక్షిణ జర్మనీలోని ఊళ్లను పరిశీలించి 1933లో ఆయన ఒక గ్రంథము వెలువరించినాడు. ఆయన చెప్పినదానిలో ముఖ్యమైనవి రెండు కొలతలు. ఏ సేవయైనను, అది ఉప్పు దుకాణము కానిండు, ఆసుపత్రి కానిండు, నిలువవలెనన్నచో ఇంతమంది వాడుకదారులు కావలెనను కనీసపు సంఖ్య ఒకటి. ఆ సేవ కొరకు మనిషి ఎంత దూరము పోవుటకు ఇష్టపడును అను గరిష్ఠపు దూరము రెండవది. ఉప్పు కొరకు ఎవడును పది కిలోమీటర్లు పోడు, కంటి శస్త్రచికిత్స కొరకు నూరు కిలోమీటర్లైనను పోవును. జనము దట్టముగా ఉన్నచోట కనీసపు సంఖ్య చిన్న వలయములోనే దొరకును. జనము పలుచనైన కొలది ఆ వలయము పెరుగును. అది గరిష్ఠపు దూరమును మించినచోట సేవ నిలువదు. పలుచని సీమల కష్టమంతయు ఇక్కడనే ఉన్నది.

వలయపు లెక్క సులభమైనది. ఒక సంఘము గుండ్రముగా ఉండి దాని కార్యాలయము సరిగా నడుమ ఉన్నదనుకొందము. వైశాల్యమును 3.14తో భాగించి వర్గమూలము తీసినచో వ్యాసార్ధము, అనగా మిక్కిలి దూరపు మనిషి నడువవలసిన దూరము వచ్చును. కిరునాకు ఇది 78 కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురము జిల్లాలోని 63 మండలములలో సగటు మండలమునకు వైశాల్యము సుమారు 304 చదరపు కిలోమీటర్లు. వ్యాసార్ధము పది కిలోమీటర్లకు లోపు. సగటు మండలపు జనాభా సుమారు 65 వేలు. ఒక్క సగటు మండలములో కిరునాకు మూడు రెట్ల జనమున్నారన్నమాట. ఇక కిరునాను మనవలె 63 మండలములుగా కోసినచో ఒక్కొక్కదానికి వచ్చునది సుమారు 360 మంది. వారిలో బడి పిల్లలు ఎందరు, పన్ను కట్టువారు ఎందరు? అక్కడ సంఘములను ఎందుకు కలిపినారో ఈ ఒక్క భాగహారమే చెప్పును.

స్వీడన్‌లో సంఘములు కలిసిపోయిన తరువాత పది పన్నెండేండ్లకే మనవైపు దీనికి తలక్రిందులుగా జరిగినది. 1985లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తాలూకాలను రద్దుచేసి మండలములను ఏర్పరచినది. కదిరి తాలూకా ఒక్కదాని నుండియే తలుపుల, తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట, నంబులపూలకుంట మున్నగునవి విడివడినవి. ఐదారు మండలముల వైశాల్యము గల తాలూకాకు పై లెక్క వేసినచో వ్యాసార్ధము సుమారు 23 కిలోమీటర్లు. పహాణీ నకలు కొరకు తాలూకా కచ్చేరికి పోయి, ఆ రోజు అధికారి లేకపోయినచో మరునాడు మరల పోవలసిన రైతునకు 23కును 10కిని గల భేదము ఎవరును నేర్పనక్కరలేదు. ఒక దేశము కలుపుటయు, ఒక రాష్ట్రము విడగొట్టుటయు పరస్పర విరుద్ధములని తోచవచ్చును. నిజమునకు రెండును ఒకే లెక్కకు రెండు జవాబులు. చదరపు కిలోమీటరునకు 213 మంది ఉన్నచోట వలయమును తగ్గించినను జనము చాలినంత మిగులుదురు. ఒకరిద్దరు ఉన్నచోట మిగులరు.

అయితే సగటు సంఖ్యను నమ్మి మోసపోరాదు. కిరునాలో చదరపు కిలోమీటరునకు 1.2 అన్నది కాగితము మీది మాట. అక్కడి జనములో సుమారు నాలుగింట మూడు వంతులు ఒక్క కిరునా పట్టణములోనే ఉన్నారు. గనిలో పనిచేయువారును, వారి మీద ఆధారపడినవారును అందు ఎక్కువ. మిగిలినవారు అంత విశాలమైన నేల మీద చిన్న చిన్న పల్లెలలో ఉన్నారు. ఉమ్మడి అనంతపురములో దీనికి ఎదురు. 2011లో పట్టణవాసులు నాలుగింట ఒక వంతుకు కొంచెము మించి మాత్రమే. మిగిలినవారు పల్లెలలో, వేరుశనగ పొలముల నడుమ, చెరువుల క్రింద, తండాలలో ఉన్నారు. కిరునాలో ఒక మంచి ఆసుపత్రి కట్టినచో ముప్పాతికమందికి అది ఇంటి ప్రక్కనే. అనంతపురములో కట్టినచో అట్లు కాదు. జనము మొత్తముమీద పలుచన యగుట వేరు, పలుచగా పరచుకొనియుండుట వేరు. అధికారులు కూడ ఈ భేదమును తరచు పట్టించుకొనరు.

ఆ మిగిలిన నాలుగవ వంతువారి సంగతి ఏమి? కిరునా పట్టణము నుండి కారెసువాండోకు రోడ్డున సుమారు 180 కిలోమీటర్లు. లెక్కలో వచ్చిన 78 ఎక్కడ, ఈ 180 ఎక్కడ! సంఘము గుండ్రముగా లేదు, పట్టణము నడుమ లేదు, రోడ్డు తిన్నగా పోదు. 1971లో సంఘములను కలిపినప్పుడు ఖజానా ఒకటైనది, కౌన్సిలు ఒకటైనది. ఆ 180 కిలోమీటర్లలో ఒక్క మీటరైనను తగ్గలేదు. పైగా నిర్ణయము చేయు చోటు దూరమైనది. తన ఊరి బడి ఉండవలెనా మూయవలెనా అన్న మాట ఇదివరకు ఊరిలోనే తేలెడిది. ఇప్పుడు దానిని తేల్చువారిలో ఎక్కువమంది పట్టణమువారు. కలయిక వలన చిన్న ఊరికి వచ్చు నష్టములలో ఇదియే పెద్దదనిపించును. స్వీడన్‌లో దీనికి కొంత విరుగుడు కలదు. ఆదాయపు పన్నులో పెద్ద భాగము మనిషి నివసించు సంఘమునకే చెందును. జనము పలుచగా ఉండి ఖర్చులు హెచ్చుగా గల సంఘములకు దేశమంతటి నుండి సమీకరణ నిధి అందును. ఈ ధనమే లేకున్నచో కలిపినను విడదీసినను ఉత్తరపు పల్లెలకు ఒరుగునది లేదు.

కనీసపు సంఖ్యకు కావలసిన వలయము మనిషి పోగల దూరమును మించినప్పుడు మరొక ఉపాయము కలదు. వాడుకదారుడు సేవ దగ్గరకు పోలేనప్పుడు సేవయే వాడుకదారుని దగ్గరకు రావలెను. స్వీడన్, ఫిన్‌లాండు, నార్వేల ఉత్తర భాగములలో పుస్తకముల బస్సు ఒక దేశపు సరిహద్దు దాటి మరొక దేశపు పల్లెలకు పోవుచుండుట కలదు. ఇది వారు క్రొత్తగా కనిపెట్టినదేమియు కాదు. రాయలసీమ పల్లెలలో వారపు సంత ఏ సూత్రము మీద నడచుచున్నది? ఒక్క ఊరి జనము గాజుల అంగడిని వారమంతయు పోషింపలేదు. అందుచేత గాజుల వర్తకుడు సోమవారము ఒక ఊర, మంగళవారము మరొక ఊర అంగడి పరచి, ఐదారు ఊళ్ల జనమును కలిపి తన కనీసపు సంఖ్యను పూర్తి చేసికొనును. క్రిస్టాలర్ పుట్టక పూర్వమే మన సంతలో ఈ లెక్క తెలిసినవారు ఉండిరి.

నీటి విషయములో మాత్రము బండి మీద తెచ్చుట తాత్కాలికమైన ఉపాయమే. ఎండాకాలమున ట్యాంకరు కొరకు బిందెలు వరుస పెట్టిన ఊళ్లలో ఈ మాట అందరికిని తెలిసినదే. గొట్టము వేయవలెను, గొట్టమునకు లెక్క కలదు. ఎనిమిది కిలోమీటర్ల దూరమున వేయిమంది ఉన్న ఊరికి గొట్టము వేసినచో తలకు ఎనిమిది మీటర్లు పడును. అంతే దూరమున 250 మంది ఉన్న తండాకు తలకు 32 మీటర్లు. ఎనుబది కిలోమీటర్ల దూరమున నూరుమంది ఉన్న ఉత్తరపు పల్లెకు 800 మీటర్లు. అట్టి చోటికి గొట్టము పోదు, ఊరి నీటి ఏర్పాటు ఊరిలోనే ఉండవలెను. కిరునాలో అది సాధ్యము. త్రవ్విన చోట, తీసిన చోట మంచినీరు కలదు. అనంతపురములో సాధ్యము కాలేదు. ఇక్కడి గ్రానైటు, నైస్ రాళ్ల పగుళ్లలో నిలుచు నీరు కొద్ది. బోరును లోతునకు దింపిన కొలది, రాతిలోని ఖనిజములతో చిరకాలము కలిసియున్న నీరు పైకి వచ్చును. అందులో ఫ్లోరైడు అధికము. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, ఇంకను హెచ్చైనచో ఎముకలు బిగుసుకొనిపోవును. కావున ఊరి నీరు ఊరికి చాలదు, చాలినను మంచిది కాదు.

1995లో శ్రీ సత్యసాయి మంచినీటి పథకము ఈ చిక్కును వేరొక విధముగా విప్పినది. జిల్లాలోని 731 గ్రామములను ఒక్క పథకములో చేర్చి, నదుల ప్రక్కని ఊట బావుల నుండియు, చిత్రావతి, పెన్న అహోబిలము రిజర్వాయర్ల వంటి జలాశయముల నుండియు గొట్టములు వేసినారు. గ్రామ పంచాయతీలు విడివిడిగానే ఉన్నవి. సర్పంచులు ఎవరికి వారే. నీరు మాత్రము ఉమ్మడియైనది. చెదరియున్న ఊళ్లను కలుపుట అన్నచో కచ్చేరులను కలుపుటయే కానక్కరలేదని చూపిన దృష్టాంతము ఇది. పెద్ద వలయము కావలసిన పని పెద్ద వలయములోను, చిన్న వలయము చాలు పని చిన్న వలయములోను జరిగినది. వీధి దీపము వెలుగుట లేదని చెప్పుకొనుటకు 731 ఊళ్ల సంఘము అక్కరలేదు గదా.

పురపాలక సంఘములుగా కలిపివేయుట కూడ ఈ పీఠభూమి మీద జరుగుచునే ఉన్నది. విజయనగర రాజులకు 1565 తరువాత రాజధానియైన పెనుకొండ 2020లో నగర పంచాయతీ అయినది. ఒక ఊరు పట్టణ మగునో కాదో తేల్చుటకు జనాభా లెక్కలవారికి మూడు కొలతలు కలవు. అయిదువేల జనము, చదరపు కిలోమీటరునకు 400 మంది సాంద్రత, పనిచేయు మగవారిలో నూటికి 75 మంది వ్యవసాయేతర వృత్తులలో ఉండుట. రాజ్యాంగములోని 243క్యూ అధికరణము ప్రకారము పురపాలక సంఘమును ఏర్పరచునప్పుడు గవర్నరు జనాభాను, సాంద్రతను, ఆదాయమును, వృత్తులను గమనింపవలెను. పట్టణము చుట్టునున్న పల్లెలను చేర్చినప్పుడు జనాభా సంఖ్య పెరుగును గాని, పొలములు కూడ లోపలికి వచ్చుటచేత సాంద్రత తగ్గును. ఒక కొలతలో నెగ్గుటకు చేసిన పని రెండవ కొలతలో ఓడించును.

అట్లు చేర్చబడు పల్లెవారి సంకోచమునకు కారణము కలదు. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశములో మొదట ప్రారంభమైనది ఈ జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లెలో. వాన తప్పిన ఏట కూలి దొరకుటకు అదియొక ఆధారమైనది. అట్టి పనులు గ్రామీణ ప్రాంతమునకే చెల్లును. ఊరు పట్టణములో చేరిన మరునాడు పొలము పొలముగానే ఉండును, వాన వానగానే తప్పును. కాని ఆ ఊరు కాగితముపై పల్లె కాదు. ఇంటి పన్ను పెరుగును. బదులుగా కాలువలు, దీపములు, చెత్త ఎత్తుట వచ్చును. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నది ఊరిని బట్టి తేల్చుకొనవలసినది. వర్షాధారమున బ్రతుకు ఊళ్లను కేవలము జనాభా సంఖ్యను పూరించుటకు పట్టణములో కలుపుట మాత్రము సబబుగా తోచదు.

కిరునా పట్టణమునకు ఇప్పుడు వేరొక కష్టము వచ్చినది. క్రింద గని త్రవ్వుట వలన పైన నేల క్రుంగుచుండగా, ఊరి నడిబొడ్డును తూర్పునకు జరుపవలసివచ్చినది. క్రొత్త పట్టణ కేంద్రము 2022లో ప్రారంభమైనది. 672 టన్నుల బరువు గల కొయ్య చర్చిని 2025 ఆగస్టులో చక్రముల బండ్ల మీద ఉంచి సుమారు అయిదు కిలోమీటర్లు నడిపించి తీసికొనిపోయినారు. కారెసువాండోలో అట్టి హడావుడి లేదు. 1809లో స్వీడన్, రష్యాల మధ్య సంధి జరిగి నది సరిహద్దైనప్పుడు ఆ ఊరు రెండుగా చీలినది. ఆవలి సగము నేడు ఫిన్‌లాండులో ఉన్నది. నడుమ వంతెన కలదు. 180 కిలోమీటర్ల దూరమునగల తమ పురపాలక కార్యాలయము కంటె పరదేశపు దుకాణము వారికి దగ్గర. మడకశిర వైపు పటము చూచినవారికి ఇది వింతగా తోచదు. అక్కడ కర్ణాటకకు చెందిన పావగడ తాలూకా ఇంచుమించు నాలుగు వైపులను ఆంధ్ర నేలయే చుట్టియుండగా నిలిచియున్నది. ఈవలి పల్లెలవారు ఆవలి సంతకును, ఆవలివారు ఈవలి సంతకును నిత్యము పోవుచు వచ్చుచున్నారు.